వరండాలో మీసాల పురుగు, కుండీలో సీతాకోకచిలుక: వీటికి పోలిక ఉందా?

మధురవాడ_అమ్మ (జూన్ 28, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడూ మొక్కల గురించే అడుగుతుంటాను, ఈసారి పురుగుల గోల. మా పాప ఎనిమిదో తరగతి. ఇంటి దగ్గర కనిపించే రెండు కీటకాలను గమనించి పోలికలు, తేడాలు రాసుకురమ్మని సైన్సు టీచర్ ప్రాజెక్టు ఇచ్చారు. ఒకటి ముందే ఖాయమైంది. మా కుండీలో కరివేపాకు మొక్క మీద ఆరు గొంగళి పురుగులున్నాయి. చిన్నవి అచ్చం పిట్ట రెట్టలాగే ఉన్నాయి, నేను రెండుసార్లు తుడిచేయబోయాను. పెద్దవి ఆకుపచ్చ.

రెండోది నిన్న రాత్రి తనంతట తనే వచ్చింది. వాన వెలిశాక వరండాలో ట్యూబ్‌లైటు వేస్తే ఏదో ఠప్‌మని గోడకు కొట్టుకుని కింద పడింది. నా బొటనవేలికంటే పొడుగుంది, బూడిద రంగు, నున్నటి పెంకు. మీసాలు వెనక్కి ఒంపు తిరిగి ఒళ్ళంత పొడుగున్నాయి. చీపురుతో తోయబోతే కీచుకీచుమని అరిచింది! పురుగు అరవడం నేను చూడటం ఇదే మొదలు. ప్రస్తుతం పిండి జల్లెడ కింద ఉంది, జల్లెడ మీద చిన్న రోలు పెట్టాం. అత్తగారు చంపేయమంటున్నారు. మావారు కొబ్బరిచెట్టు మొవ్వు కొరికే కొమ్ము పురుగంటున్నారు. పాప మాత్రం రెండో కీటకం ఇదేనని పట్టుబట్టింది. ఏటండీ ఇది? కుడుతుందా? సీతాకోకచిలుకతో పోల్చి రాయడానికి ఏమైనా ఉందా, లేక ఏనుక్కీ ఎలక్కీ పోలికా?

గాజువాక_గురు (జూన్ 28, రాత్రి 11:05)

కొమ్ము పురుగే అమ్మా. మా ఊళ్ళో కొబ్బరితోట సగం దానివల్లే పోయింది. ఆలోచించకుండా చెప్పు తీయండి.

జువాలజీ_మాస్టారు (జూన్ 29, ఉదయం 6:15)

గురుగారూ, చెప్పు కాసేపు కాలికే ఉండనివ్వండి. కొమ్ము పురుగుకి తల మీద కొమ్ముంటుంది, మీసాలు పొట్టివి. అది పేడపురుగుల చుట్టం, పెంటకుప్పల్లో పెరుగుతుంది. ఒళ్ళంత మీసాలున్నాయంటే ఇది వేరే వంశం.

అమ్మా, పాపతో మూడు విషయాలు చూడమనండి. ఒకటి, మెడ పెంకు మీద రెండు నారింజ రంగు మచ్చలున్నాయా? రెండు, కన్ను గుండ్రంగా ఉందా, లేక మీసం మొదలు చుట్టూ చిక్కుడుగింజలా ఒంపు తిరిగి ఉందా? మూడు, మీసం ఒంటికంటే బాగా పొడుగా, లేక ఇంచుమించు సమానమా? కుట్టదు, విషమూ లేదు. కానీ దవడల దగ్గర వేలు పెట్టొద్దు. చెక్క కొరికే దవడలవి.

మధురవాడ_అమ్మ (జూన్ 29, మధ్యాహ్నం 1:30)

మాస్టారూ, మచ్చలు రెండున్నాయి, నారింజా గులాబీ కలిసిన రంగు. మెడకి అటూ ఇటూ ముల్లులాంటిది కూడా ఉంది. కన్ను మీరన్నట్టే ఒంపుగా ఉంది, పాప భూతద్దంతో చూసి ఎగిరి గంతేసింది. మీసం స్కేలుతో కొలిచింది: ఒళ్ళు 5 సెంటీమీటర్లు, మీసం కూడా దాదాపు అంతే. మీసానికి కణుపులు కూడా లెక్కపెట్టింది, 11.

జువాలజీ_మాస్టారు (జూన్ 29, సాయంత్రం 4:20)

పాపకి నా తరఫున ఒక చాక్లెట్. ఇది బాటోసెరా రూఫోమాక్యులేటా. వ్యవసాయం వాళ్ళు మామిడి కాండం తొలిచే పురుగు అంటారు. మామిడి, పనస, మర్రి జాతి చెట్లు, బూరుగ దీనికి ఇష్టం. తొలకరి పడ్డాక చెట్టులోంచి బయటపడి రాత్రిళ్ళు తిరుగుతుంది, దీపానికి వస్తుంది. మీ వరండాకి చిరునామా అలా దొరికింది. మీసం ఒంటికి సమానమంటున్నారు కాబట్టి బహుశా ఆడది. మగదానికి ఇంకా పొడుగుంటాయి.

అరుపంటారా, అది గొంతులోంచి రాదు. మెడ పెంకు అంచుని దాని వెనకున్న గరుకు పలక మీద రాస్తుంది. దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టన్నమాట. పట్టుకున్న పిట్ట ఉలిక్కిపడి వదిలేయాలని. మీరు చీపురు వదిలేశారు కదా, పనిచేసినట్టే.

పొడుగు మీసాల పెంకుపురుగుల కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 35,000కి పైగా జాతులున్నాయి. సీతాకోకచిలుకలన్నీ కలిపినా 18,000 దాటి కొంచెం. అమెజాన్ అడవిలో టైటానస్ అనే దీని చుట్టం 16 సెంటీమీటర్లు దాటుతుంది. అది మీ వరండాకి వస్తే నేనూ చెప్పు తీయమనే అంటాను.

కంబాలకొండ_నడక (జూన్ 29, సాయంత్రం 6:50)

ఎవరూ సీతాకోకచిలుక సంగతి ఎత్తట్లేదు, నాకు బాధగా ఉంది. కరివేపాకు మీద రెట్టలాంటి పిల్లలు, పెద్దయ్యాక ఆకుపచ్చ... కామన్ మార్మన్ అయ్యుంటుంది. నిమ్మ సీతాకోకచిలుక కూడా కావచ్చు, పిల్లలు దగ్గరదగ్గరగా ఉంటాయి. పెద్ద పురుగుని పుల్లతో మెల్లగా తాకమనండి. తల వెనకనించి నాగుపాము నాలుకలా రెండు చీలికల కొమ్ము బయటికొస్తుంది, కుళ్ళిన నిమ్మకాయ వాసన. కొమ్ము ఎర్రగా ఉంటే మార్మన్. ఎక్కువసార్లు విసిగించొద్దు.

మార్మన్ మగది నల్లటి రెక్కల మీద తెల్ల చుక్కల వరుసతో ఒకటే రకం. ఆడవాటిలో మూడు రకాలు. ఒకటి మగదానిలాగే. ఇంకొకటి కామన్ రోజ్ అనే సీతాకోకచిలుకలా, మూడోది క్రిమ్సన్ రోజ్‌లా వేషం కడతాయి. ఆ రెండు రోజ్‌లూ ఈశ్వరి తీగ, గాడిదగడపాకు లాంటి చేదు మొక్కలు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒకసారి నోట్లో పెట్టుకున్న పిట్ట మళ్ళీ జన్మలో ముట్టదు. మన మార్మన్ తినేది కరివేపాకు, మారేడు, నిమ్మ. విషం గిషం ఏమీ లేదు, పచ్చడి చేసుకునే సరుకు. అందుకే పక్కింటావిడ చీర కట్టుకుని పెళ్ళికెళ్ళినట్టు వేషం మీద బతికేస్తుంది. మార్మన్లంటే ఒకప్పుడు ఒక్కొక్కరు చాలామందిని పెళ్ళాడిన అమెరికా క్రైస్తవ శాఖవాళ్ళు. ఒక్క మగదానికి ఇన్ని రకాల ఆడవి ఉన్నాయనే ఇంగ్లీషువాళ్ళు ఆ పేరు పెట్టారంటారు. ఈ వేషాల గుట్టంతా డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక్క జన్యువు దగ్గరుందని 2014లో తేలింది. అంతకుముందు బోలెడు జన్యువులు గుంపుగా పనిచేస్తాయనుకునేవారు.

మన విశాఖ పక్కన కంబాలకొండ అడవిలో వానలయ్యాక పొద్దున్నే వెళ్తే ముగ్గురూ, అంటే రెండు రోజ్‌లూ నకిలీలూ ఒకే పొద మీద కనిపిస్తాయి. అసలుదాన్నీ నకిలీదాన్నీ పోల్చుకోవడం నాకు మూడేళ్ళు పట్టింది. చిట్కా ఇప్పుడు చెప్పను. పాపనే కనిపెట్టమనండి.

పాడేరు_తోట (జూన్ 29, రాత్రి 9:10)

పురుగు కథలు బాగున్నాయి. నాలాంటివాడికి మాత్రం ఈ మీసాల జాతి పేరు వింటేనే ఒళ్ళు మండుతుంది. మాది కాఫీతోట, పాడేరు దగ్గర. మాకు మామిడి పురుగు కాదు, తెల్ల కాండం తొలిచే పురుగు. అదీ ఈ కుటుంబమే. రెండు సెంటీమీటర్లుండదు, నల్ల ఒంటి మీద తెల్ల పట్టీలు. అరబికా కాఫీ దానికి పండగ భోజనం. బెరడు పగుళ్ళలో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలికి దూరి తొమ్మిది పది నెలలు మొక్క గుండెకాయ తింటుంది. బయటికి ఏమీ తెలీదు. ఆకు పసుపు తిరిగేసరికి కాండం మీద గట్టులా ఉబ్బు కనిపిస్తుంది, ఆ తర్వాత మొక్క తట్టితే విరిగిపోతుంది. పీకి కాల్చడం తప్ప మందు లేదు. అది ఎగిరే రోజులు, ఏప్రిల్-మే, మళ్ళీ అక్టోబర్ నుంచి డిసెంబర్. ఆ లోపల కాల్చకపోతే పక్క మొక్కకి అంటిస్తుంది.

నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మూడేళ్ళ కింద ఒక కలప వ్యాపారి మాట విని నీడకి పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు ఒక వరస కొట్టించాను. చేతికి డబ్బొచ్చింది. ఆ వరస కింద కాఫీ మీద ఎండ పడింది. ఈ పురుగుకి ఎండంటే ప్రాణం, ఎండ పడే కాండం మీదే గుడ్లు పెడుతుంది. తర్వాతి ఏడు ఆ ఒక్క వరసలోనే నలభై మొక్కలు పీకాను. పన్నెండేళ్ళ మొక్కలు. మా ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు.

కాబట్టి పోలిక రాయాలంటే సులువు. ఒకటి పువ్వుల మీద తిరిగేది, ఒకటి కొంప ముంచేది.

జువాలజీ_మాస్టారు (జూన్ 30, ఉదయం 6:40)

పాడేరు గారూ, మీ నలభై మొక్కల బాధ ముందు నా పాఠం చిన్నదే. అయినా ఒక్క మాట. పువ్వుల మీద తిరిగేదాని పిల్లలు ఇప్పుడు ఒకావిడ కరివేపాకు మొక్కని బోడి చేస్తున్నాయి. నిమ్మ నర్సరీవాళ్ళని అడగండి సీతాకోకచిలుక ఎంత అందమైనదో. తినడంలో రెండూ దొంగలే. ఒకటి పగటి దొంగ, ఒకటి కన్నం దొంగ.

పాప ప్రాజెక్టుకి పనికొచ్చేది ఇక్కడే ఉందని నా అభిప్రాయం. రెక్కలు, రంగులు, మీసాలు అందరూ రాస్తారు. నేనైతే తిండి దగ్గర మొదలుపెడతాను.

లేత ఆకు మంచి తిండి. మాంసకృత్తులకి కావలసిన నత్రజని అందులో బాగానే ఉంటుంది. చెక్కలో దానికి పదో వంతు కూడా ఉండదు. అందుకే కరివేపాకు పిల్ల రెండు మూడు వారాల్లో వేలంత అవుతుంది. మామిడి మానులో పిల్లకి అదే పనికి దాదాపు ఏడాది కావాలి. ఎండిపోయిన చెక్కలో పడితే ఇంకా ఘోరం. తేమ లేదు, సారం లేదు, పెరుగుదల నత్తనడక. అమెరికాలో ఒక పుస్తకాల అల్మారా చేసిన 40 ఏళ్ళకి దాంట్లోంచి ఈ కుటుంబపు పురుగొకటి బయటికొచ్చిన దాఖలా ఉంది.

మరి అంత పేద తిండి ఎందుకు? భద్రత. ఆకు మీద పిల్లకి చుట్టూ శత్రువులే. పిట్ట, బల్లి, కందిరీగ, ఎండ, వాన. అందుకే రెట్ట వేషం, ఆకు రంగు, కంపు కొమ్ము. త్వరగా తిని త్వరగా పారిపోవాలి. చెక్కలో పిల్లకి ఆ తొందర లేదు. వేషాలూ అక్కర్లేదు. తీసి చూస్తే మీగడ రంగు తిత్తి, గోధుమరంగు తల, అంతే. కాళ్ళు కూడా దాదాపు లేవు, ఉండి ఏం చేయాలి? ఒంటి మీది బుడిపెలు సొరంగం గోడకి అదిమి ముందుకి జరుగుతుంది. ఆకుపురుగుకేమో ముందు మూడు జతల అసలు కాళ్ళు, వెనక ఐదు జతల కండ కాళ్ళు. ఊగే ఆకు పట్టుకుని వేలాడాలి కదా.

చెక్క అరగడం ఇంకో విచిత్రం. చెదకి పొట్టలో సూక్ష్మజీవులు వండిపెడతాయని పుస్తకాల్లో చదువుకున్నాం. మీసాల పురుగులకి పొట్టలో సూక్ష్మజీవులూ ఉన్నాయి, సెల్యులోజ్‌ని విరగ్గొట్టే ఎంజైములు సొంతంగానూ ఉన్నాయి. ఆ జన్యువుల్లో కొన్ని ఏనాడో బాక్టీరియా దగ్గర్నుంచో బూజుల దగ్గర్నుంచో వీటిలోకి వచ్చి చేరాయని తేలింది. అత్తారింటి నుంచి తెచ్చుకున్న గరిటె అనుకోండి.

కంబాలకొండ_నడక (జూన్ 30, ఉదయం 8:05)

మాస్టారూ, పెద్దయ్యాక నోటి సంగతి కూడా చెప్పండి. ప్యూపాలోంచి, అంటే గూటి దశలోంచి, కొత్తగా వచ్చిన సీతాకోకచిలుక నోటి గొట్టం రెండు సగాలుగా ఉంటుంది. రెక్కలు ఆరబెట్టుకుంటూనే ఆ రెండు సగాల్నీ చుట్టి, విప్పి, చుట్టి, విప్పి జిప్పులా అతికించుకుంటుంది. అతుక్కోకపోతే జన్మంతా పస్తే. నేను ఒకసారి దగ్గర్నుంచి చూశాను, పావుగంట ఊపిరి బిగబట్టి. ఆ తర్వాత అది ఇంక ఆకు కొరకలేదు, తాగడమే.

తాగేది కూడా తేనె ఒక్కటే కాదు. టైడా దగ్గర వాగు ఒడ్డున తడి ఇసుక మీద యాభై అరవై ఒకేచోట వాలి బురద పీలుస్తుంటాయి. ఎక్కువ మగవే. ఆకుల్లో ఉప్పు తక్కువ, ఆ లోటు ఇసుకలో తీర్చుకుంటాయి. ఆ ఉప్పులో కొంత జతకట్టినప్పుడు ఆడదానికి కట్నంగా ఇస్తాయి. (మనం దండలో ఉప్పు కడితే పురోహితుడు ఒప్పుకోడు.)

చెక్కపని_మావయ్య (జూన్ 30, రాత్రి 8:30)

చదువుకున్నోళ్ళ మధ్య మాట్లాడుతున్నా, తప్పుంటే ఏటీ అనుకోకండి. ముప్పై ఏళ్ళు కంచరపాలెంలో చెక్కపని చేశాను. ఈ పురుగుని చెక్కలోంచి చూసినోణ్ణి నేను.

ఒక పార్టీ మామిడి చెక్కతో మంచం చేయించుకున్నారు. నాలుగు నెలలకి ఫోను. రాత్రిళ్ళు మంచం కర్‌కర్‌మంటోంది, దెయ్యమని పిల్లలు పడుకోట్లేదు. వెళ్ళి కోడు మీద చెవి పెట్టాను. ఎలక కొరికినట్టు వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్ళీ. ఉలితో తీస్తే చూపుడువేలంత పిల్ల. సొరంగమంతా పీచు పీచుగా పొట్టు దట్టించి ఉంది. నాకు కలప అమ్మిన డిపోవాళ్ళు బెరడు తీయకుండా ఏడాది వానలో పడేసిన మాను కోసి ఆరిన సరుకని అంటగట్టారు. డబ్బులు నేనే కట్టుకున్నా.

ఇంట్లో చెక్కకి కన్నం కనిపిస్తే ఇలా పోల్చుకోండి. గుండుసూది తలంత కన్నం, కింద మైదాపిండిలా మెత్తటి పొడి రాలితే అది పుచ్చు పురుగు, చిన్నది. కోడిగుడ్డు ఆకారంలో వెడల్పు కన్నం, పీచు కలిసిన గరుకు పొట్టు అయితే మీసాలది. మట్టి పూత, మట్టి గొట్టం ఉంటే చెద. మూడింటికీ ఒకే మందు కొట్టించి డబ్బులు తగలేస్తారు జనం. చేవ ఉన్న టేకులోకి ఇవి సాధారణంగా రావు, చేవ లేని తెల్లచెక్క దొరికితే వదలవు.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. గూడు కట్టుకునే ముందు ఆ పిల్ల బెరడు దాకా దారి తవ్వి, పొట్టుతో మూసి, తల బయటి వైపు తిప్పుకుని పడుకుంటుంది. నేను తీసిన వాటిలో ఒక్కటి కూడా తల లోపలికి పెట్టుకోలేదు.

జువాలజీ_మాస్టారు (జూన్ 30, రాత్రి 9:15)

మావయ్యగారూ, మీరు చూసింది అక్షరాలా నిజం. పెంకు కట్టుకున్న పెద్ద పురుగు ఆ ఇరుకులో వెనక్కి తిరగలేదు. కాబట్టి వెళ్ళే దారి చిన్నప్పుడే సిద్ధం చేసుకోవాలి. నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాల్లో ఈ ముక్క ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

పోర్టు_షిఫ్టు (జూలై 1, ఉదయం 5:50)

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నా. మన పోర్టులో ఎగుమతి సరుకు కింద చెక్క ప్యాలెట్లుంటాయి కదా, వాటి మీద కాల్చిన ముద్ర చూశారా? గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం కోడ్, కింద హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) అని. ఆ ముద్ర వెనక ఈ మీసాల పురుగే ఉంది. 1996లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఆసియా జాతి ఒకటి దొరికింది. ఓడల్లో వెళ్ళిన పచ్చి చెక్క పెట్టెల్లో పిల్లలుగా ప్రయాణం చేసిందన్నమాట. అక్కడ మేపుల్ చెట్లు వేలల్లో కొట్టేయాల్సొచ్చింది. 2002 నుంచి అంతర్జాతీయంగా రూలు: చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీలు, అరగంట సేపు వేడి చేయాలి, లేదా పొగ మందు పెట్టాలి. ముద్ర లేకపోతే అవతలి రేవులో సరుకు ఆపేస్తారు. ఒక ప్యాలెట్ ముద్ర సరిగా పడలేదని నేను ఒక రాత్రంతా నిలబడ్డాను, టెన్షన్ మామూలుగా లేదు. సీతాకోకచిలుక కోసం ఏ ఓడైనా ఆగిందా చెప్పండి?

గాజువాక_గురు (జూలై 1, ఉదయం 9:20)

సరే, కొమ్ము పురుగు కాదని ఒప్పుకున్నా. కానీ అందరూ చెప్పేది వింటే నా చెప్పు మాటే కరెక్టు అనిపిస్తోంది. కాఫీ పోయింది, మంచం పోయింది, ఓడ ఆగింది. దీనివల్ల ఒక్క లాభం చెప్పండి.

కంబాలకొండ_నడక (జూలై 1, మధ్యాహ్నం 12:40)

నేను చెప్తా, సీతాకోకచిలుక పార్టీ అయినా సరే.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. తర్వాత కంబాలకొండలోకి వెళ్తే ఏడుపొచ్చింది. బాట అనేది లేదు, చెట్టు మీద చెట్టు. మూడు నాలుగేళ్ళు గడిచాక ఆ పడ్డ మానుల్నే గమనించేవాణ్ణి. బెరడు ఊడొస్తుంటే కింద మెలికల దారులు, వేలు పట్టే కన్నాలు. ఆ కన్నాల్లో వాన నీళ్ళు, నీళ్ళ వెంట బూజు, పుట్టగొడుగులు. వడ్రంగి పిట్ట పొద్దుటి నుంచి అదే మాను మీద. ఖాళీ సొరంగాల్లో చీమలు, చిన్న తేనెటీగలు కాపురాలు. చచ్చిన చెట్టు ఊరికే మట్టి కాదు, ఎవరో ఒకరు తలుపు తెరవాలి. అడవిలో ఈ పురుగుల్లో ఎక్కువ జాతులు తినేది చచ్చినవాటినీ, చావబోయేవాటినే.

ఇంకో సంగతి. చెట్లు కూలి ఎండ పడ్డ చోట లాంటానా, మా వైపు తలంబ్రాల చెట్టంటాం, విపరీతంగా పెరిగింది. దాని పూల మీద అప్పట్లో చూసినన్ని మార్మన్లు నేను మళ్ళీ చూడలేదు. లాంటానా అడవికి మంచిది కాదు, తెలుసు. అయినా రాస్తున్నా.

పాడేరు_తోట (జూలై 1, సాయంత్రం 7:00)

అడవిలో పుణ్యాత్ముడే, కాదనను. తోటలో చచ్చిన కాఫీ మొక్క కాదు, బతికిన మొక్కనే తింటోంది. అడవి లెక్క తోటకి పనికిరాదు. నేను ఇప్పుడు చేసేది చెప్తా, ఎవరికైనా ఉపయోగపడుతుంది. ఎగిరే కాలానికి ముందు కొబ్బరిపీచుతో కాండం బెరడు తోమి నున్నగా చేస్తాం, గుడ్డు పెట్టడానికి పగులు దొరకదు. సిల్వర్ ఓక్ మళ్ళీ నాటాను, మిరియం తీగ ఎక్కించాను. నీడ కమ్ముతోంది. ఈ ఏడు ఆ వరసలో పీకినవి మూడే.

సింహాచలం_తోట (జూలై 1, రాత్రి 8:45)

మా జీడిమామిడికి కూడా దీని చుట్టమే వస్తుంది. మొదలు దగ్గర బంక, పొట్టు కనిపిస్తే ఆ రోజే కత్తితో చెక్కి పిల్లని తీసేయాలి. ఆకులు పసుపు తిరిగే దాకా ఆగితే చెట్టు మీద ఆశ వదులుకోవడమే. పక్క తోటల వాళ్ళు ఎండిన చెట్టుని పొయ్యిలోకి పనికొస్తుందని అలాగే నిలబెడతారు, అదే అందరికీ ముప్పు. పాడేరు గారి మాటే నాది.

జీరంగి (జూలై 1, రాత్రి 9:30)

ఎవరికీ జీరంగి గుర్తు రాలేదా? అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి బడికి తీసుకెళ్ళేవాళ్ళం, పచ్చగా మెరిసేది. అది కూడా ఈ జాతేనా మాస్టారూ?

జువాలజీ_మాస్టారు (జూలై 1, రాత్రి 10:00)

కాదు, అది వేరే కుటుంబం. పొట్టి మీసాలు, మెరిసే పెంకు. పిల్లలు నేలలో వేళ్ళు తింటాయి. పెంకుపురుగుల ఊరు పెద్దది నాయనా, వీధులు చాలా ఉన్నాయి.

మీ ప్రశ్నకి సంబంధం లేకపోయినా ఒకటి. నీలి గీతల బ్లూ టైగర్ సీతాకోకచిలుక ప్రజాతి పేరేమిటో తెలుసా? తిరుమల! 1880లో మూర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పెట్టాడు. మా క్లాసులో ఈ మాట చెప్పిన రోజున వెనక బెంచీ కూడా నోట్సు రాసుకునేది.

మధురవాడ_అమ్మ (జూలై 2, రాత్రి 9:50)

ఇన్ని జవాబులు! పాప అన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకుంటోంది. ఇప్పుడు అసలు గొడవ: జల్లెడ కింద పురుగుని ఏం చేయాలి? అత్తగారికి పిండి జల్లించుకోవాలి, అందుకని చెప్పుల అట్టపెట్టెలోకి మార్చాం, మామిడి పుల్లలు వేస్తే బెరడు గీరి తింటోంది. పాప కంబాలకొండలో వదులుదామంటోంది. పక్కింటి పిన్నిగారికి మామిడిచెట్టుంది, ఆవిడకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

పాడేరు_తోట (జూలై 2, రాత్రి 10:10)

ఆడది అన్నారు. చంపండి.

కంబాలకొండ_నడక (జూలై 2, రాత్రి 10:25)

అభయారణ్యంలోకి బయట నుంచి ఏ జీవినీ తెచ్చి వదలకూడదు, పురుగైనా సరే. చంపమని మాత్రం నేను అనలేను.

జువాలజీ_మాస్టారు (జూలై 3, ఉదయం 6:30)

పాడేరు గారి స్థానంలో ఉంటే నేనూ చంపమనే అంటాను. కాలేజీలో అయితే డీప్ ఫ్రిజ్‌లో పెట్టి నమూనాగా దాచేవాళ్ళం. కానీ ముందు పిన్నిగారి చెట్టు చూడండి. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు, దగ్గర్లోనే ఎక్కడో ఒక మాను లోంచి వచ్చింది. దీన్ని ఒక్కదాన్ని చంపి ఆ చెట్టుని వదిలేస్తే ఏం లాభం? మొదలు దగ్గర తడి పొట్టు ఉందేమో చూడండి.

మధురవాడ_అమ్మ (జూలై 4, సాయంత్రం 5:15)

తీర్పు మేం చెప్పక్కర్లేకపోయింది. పొద్దున్న చూస్తే అట్టపెట్టెకి ఓ మూల రూపాయి బిళ్ళంత కన్నం, లోపల పురుగు లేదు. కన్నం కూడా చక్కగా కోడిగుడ్డు ఆకారంలో ఉంది మావయ్యగారూ! ఇల్లంతా వెతికాం, దొరకలేదు. అత్తగారు ఇక రోజూ దుప్పటి దులుపుకునే పడుకుంటారట.

పిన్నిగారికి చెప్పేశాం. చెట్టు మొదట్లో అడుగున్నర ఎత్తులో నిజంగానే కన్నం, కింద తడి పొట్టు, జిగురు. ఇప్పుడు ఏం చేయమంటారు?

చెక్కపని_మావయ్య (జూలై 4, రాత్రి 8:00)

సైకిల్ చువ్వ కొన వంచి కొక్కెంలా చేయండి. కన్నంలోకి మెల్లగా పంపి తిప్పుతూ లాగండి. పొట్టు ముందు వస్తుంది, కంగారు పడకండి, ఆఖర్న మెత్తగా తగుల్తుంది. తీశాక కన్నం బంకమట్టితో మూసేయండి. పది రోజులాగి చూడండి. మట్టి పగిలి మళ్ళీ పొట్టు వస్తే లోపల ఇంకోటి ఉన్నట్టే.

మధురవాడ_అమ్మ (జూలై 5, మధ్యాహ్నం 2:20)

తీశాం! మావారు లాగారు, పిన్నిగారు టార్చి పట్టారు. నా మధ్యవేలంత పిల్ల, మీగడ రంగు, మాస్టారు చెప్పినట్టే కాళ్ళు లేవు. నేల మీద పెడితే ముందుకి పోలేక దొర్లింది. సొరంగంలో అంత దూరం తవ్వుకుపోయింది, చాప మీద జానెడు జరగలేకపోయింది. పిన్నిగారి కోడి చూసేదాకా పాప దాన్ని కొలిచింది. ఆ తర్వాత కొలవడానికి ఏమీ మిగల్లేదు.

మధురవాడ_అమ్మ (జూలై 13, ఉదయం 7:35)

ఆఖరి కబురు. ఆరు గొంగళి పురుగుల్లో రెండింటిని పిట్ట ఎత్తుకుపోయింది, ఒకదాంట్లోంచి చిన్న కందిరీగ వచ్చింది (పాప ఒక పూట మాట్లాడలేదు). మిగతా మూడూ నడుముకి దారం కట్టుకుని పుల్లకి ఆనుకుని ప్యూపాలయ్యాయి. ఇవాళ ఆరున్నరకి ఒకటి విచ్చుకుంది. నోటి గొట్టం అతికించుకోవడం కంబాలకొండ గారు చెప్పినట్టే చూశాం, ఇద్దరం వంటగది వదిలేసి.

రెక్కలు విప్పితే తెల్ల మచ్చలు, కింద ఎర్ర చుక్కలు. అత్తగారు వెంటనే "ఇది ఆ విషం సీతాకోకచిలుకే, ముట్టుకోకండి" అన్నారు. పాప దగ్గరికెళ్ళి చూసి, "కాదు నానమ్మా, రోజ్‌కి ఒళ్ళు కూడా ఎర్రగా ఉంటుందట, దీనికి నల్లగా ఉంది" అంది. కంబాలకొండ గారూ, మీరు దాచిన చిట్కా అదేనా? పుస్తకంలో వెతికి పట్టుకుంది.

ప్రాజెక్టులో ఆఖరి వరస తనే రాసుకుంది, నేను చెప్పలేదు. మీసాల పురుగు గుడ్డు పెట్టినప్పుడు తను ఏడో తరగతి మొదట్లో ఉందట. సీతాకోకచిలుక గుడ్డు పెట్టినప్పుడు ఎనిమిదో తరగతి పుస్తకాలకి అట్టలు వేస్తోందట.

కంబాలకొండ_నడక (జూలై 13, ఉదయం 7:50)

అదే చిట్కా. నాకు మూడేళ్ళు పట్టిందని మాత్రం పాపకి చెప్పకండి.